ఎవరు ఎత్తినా సాబే

టెలిఫోన్ ఆపరేటరు గొంతు మెత్తగా ఉండాలంటారు. నాది అలాంటి గొంతు కాదు. మహబూబ్‌నగర్‌లో శిక్షణ ఇచ్చినప్పుడే మా సారు, "నువ్వు హలో అంటే అవతలివాళ్లు ఏదో తప్పు చేసినట్టు జడుసుకుంటరమ్మా" అన్నారు. అయినా ఉద్యోగం ఇచ్చారు. ఎనభైలు దాటి తొంభైలు వస్తున్న రోజుల్లో నన్ను అచ్చంపేట దారిలో ఉన్న ఒక చిన్న ఊరికి పంపారు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఈ ముచ్చటలో ఉన్నవాళ్లు కొందరు ఇంకా అక్కడే బతుకుతున్నారు.

ఎక్స్ఛేంజ్ అంటే పెద్ద భవనం అనుకోవద్దు. కిరాయికి తీసుకున్న పెంకుటిల్లు. ముందు గదిలో నా బోర్డు, వెనక గదిలో బ్యాటరీలు, ఒక పాత మంచం. బోర్డు మీద ఊళ్లో ఉన్న ఒక్కో ఫోనుకు ఒక్కో చిన్న మూత ఉండేది. ఎవరైనా తమ ఫోన్ పిడి తిప్పితే వాళ్ల మూత టప్పుమని పడేది. నేను ఒక తీగ అక్కడ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, రెండో తీగ కలిపేదాన్ని. ఊళ్లో ఫోన్లు చాలా తక్కువ. ఠాణాకు ఒకటి, దవాఖానకు ఒకటి, బియ్యం మిల్లుకు ఒకటి, తునికాకు కాంట్రాక్టర్లకు ఒకటో రెండో. మిగిలిన ఊరందరికీ కలిపి సాబు దుకాణంలో ఫోన్.

సాబుది కిరాణా దుకాణం. కళ్లద్దాలకు ఒక కాడ విరిగితే దారం కట్టుకుని తిరిగే మనిషి. శుక్రవారం నమాజు, దుకాణం, ఆకు వక్క, ఇంతే ఆయన లోకం. ఒక్కతే బిడ్డ, ఆమెను నల్గొండ జిల్లా కేతేపల్లిలో ఇచ్చారు. వ్యాపారం కోసం పెట్టించుకున్న ఫోన్ మాత్రం ఆయనకు ఏనాడూ సరిగా దక్కలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ వీధి వాళ్లు ఆ నంబరును బొంబాయి పనులకు పోయిన వాళ్లకు, నల్గొండ కాలేజీలో చదివే వాళ్లకు, చుట్టాలకు, పక్కాలకు పంచిపెట్టేశారు. ఎక్కడి నుంచో ట్రంక్ కాల్ వస్తే సాబు దుకాణం మెట్టు దిగి వీధిలోకి కేకేసేవాడు. అవ్వలు చీర కుచ్చిళ్లు పట్టుకుని ఉరికి వచ్చేవాళ్లు. ఈలోగా నేను లైను పట్టుకుని కూర్చోవాలి. నాకు ఒళ్లు మండేది.

అంతకంటే ఒళ్లు మండే సంగతి ఇంకొకటి ఉండేది. నాకు ముందు అక్కడ పనిచేసిన ఆపరేటరు నాకంటే కోపిష్టి అట. ఫోన్ ఎవరిదో ఆ పేరు మొదట చెప్పకపోతే టక్కున తీగ పీకేసేవాడట. అలా భయపడి నేర్చుకున్న అలవాటు ఊళ్లో అట్లే ఉండిపోయింది. దుకాణంలో ఫోన్ ఎవరు ఎత్తినా మొదట "సాబును" అనేవాళ్లు. ఆ తర్వాతే అసలు మాట. పళ్లూడిన అవ్వ కూడా రిసీవర్ రెండు చేతులతో పట్టుకుని, "సాబును మాట్లాడుతున్న" అనేది.

"ఏమవ్వా, గడ్డం ఎప్పుడు పెంచినవ్?" అని నేను ఆటపట్టించేదాన్ని.

"నీకేం ఎర్క బిడ్డా. పేరు చెప్పకుంటె తీగ పీకుతరు" అనేది ఆమె.

నేను పీకను అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. చివరికి నేనే విసిగి ఊరుకున్నాను. ఎవరు మాట్లాడినా కాల్ చీటీ మీద సాబు పేరే రాసేదాన్ని. ఫోన్ ఆయనది, బిల్లు ఆయన పేరు మీద పోతుంది, ఇక ఎవరైతే నాకేం అనుకున్నాను.

ఒకనాడు మా పెద్దాఫీసరు జీపులో వచ్చారు. ఆయన వెంట మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులు. నాకు ఒక కాగితం చూపించారు కానీ చేతికి ఇవ్వలేదు. సాబు ఫోన్ లైను నుంచి ఒక జత తీగలు వెనక గదిలోకి లాగాలి. అక్కడ ఒక జవాను టేప్ రికార్డరు పెట్టుకుని కూర్చుంటాడు. ఆ ఫోన్లో వచ్చే మాట, పోయే మాట అంతా రాసుకుంటాడు. ఈ సంగతి గడప దాటకూడదు.

"సాబు ఏం చేసిండు సార్?" అని అడిగాను.

"పై నుంచి ఆర్డరు వచ్చింది. అడిగేందుకు నువ్వెవరు, నేనెవరు?" అన్నారు మా ఆఫీసరు. ఆయన ముఖంలోనూ కళ లేదు. కాగితం సక్రమమైనదే, మీద సంతకం ఉంది, ముద్ర ఉంది. దొంగతనంగా చేస్తే తిట్టి ఉండేదాన్ని. చట్ట ప్రకారం చేస్తుంటే ఎవరిని తిట్టాలి?

అడవిలో అన్నలు తిరుగుతున్న కాలం అది. అమ్రాబాద్ వైపు పోయే బస్సులను పోలీసులు ఆపి వెతికేవాళ్లు. ఎక్కడో విన్న ఒక కాల్లో ఈ దుకాణం నంబరు వినిపించిందని జవాను నాకు తర్వాత చెప్పాడు. జవానుది గోదావరి వైపు. చెడ్డవాడు కాదు. మా ఊరి కారానికి కళ్ల నీళ్లు పెట్టుకునేవాడు, నేను మజ్జిగ ఇస్తే దణ్ణం పెట్టేవాడు. పొద్దస్తమానం చెవులకు గొట్టాలు తగిలించుకుని పాత మంచం మీద కూర్చునేవాడు.

వినడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు అతను మెల్లగా నా బోర్డు దగ్గరికి వచ్చాడు.

"ఏవండీ, ఈ సాబుగారికి ఎంతమంది పెళ్లాలండీ?"

"ఒక్కతే. ఎందుకు?"

"బొంబాయిలో ఒకావిడ ఉన్నట్టుందండీ. నిన్న ఆవిడతో మాట్లాడుతూ ఏడ్చాడు. మొన్నేమో గేదె చచ్చిపోయిందని ఏడ్చాడు. అంతకు ముందు ఎవరినో కోర్టుకు లాగుతానన్నాడు. మామూలోడు కాదండీ బాబూ. పూటకో గొంతు మారుస్తున్నాడు. ఒకసారి ఆడగొంతు కూడా పెట్టాడండీ."

నాకు నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను. నవ్వుతూనే అతని ముఖం చూశాను. అతను నవ్వడం లేదు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. టేపులో ప్రతి గొంతూ మొదట తను సాబునని చెప్పుకుంటోంది. అతను అదే నిజమనుకుని కాగితం మీద రాస్తున్నాడు. ఆ కాగితాలు రోజూ పైకి పోతున్నాయి. గొంతులు మార్చడం నేర్చిన మనిషి అని అక్కడ ఎవరో చదువుతున్నారు.

నేను అతన్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పాత ఆపరేటరు కోపం, ఊరి భయం, అవ్వ గడ్డం, అన్నీ చెప్పాను. అతను విన్నాడు. నమ్మాడు కూడా.

"నిజమేనండీ, ఇప్పుడు అర్థమైంది. కానీ పైకి పోయిన కాగితం వెనక్కి రాదు కదండీ. నాకిచ్చిన దాంట్లో నంబరు ఒకటే, పేరు ఒకటే. రెండో పేరు రాయడానికి చోటు లేదు."

ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజ్ వచ్చాక ఎవరి నంబరు నుంచి కాల్ వస్తోందో దానంతటదే తెలిసే రోజులు కూడా నేను చూశాను. అదేదో మహా వింత అని అందరూ అన్నారు. నాకు మాత్రం ఈ జవానే గుర్తొచ్చేవాడు. నంబరు తెలిస్తే మనిషి తెలిసినట్టు కాదు. ఈ మాట ఎవరితోనైనా అంటే పాతకాలం దాన్నని నవ్వేవాళ్లు.

సాబు దుకాణం అరుగు మీద ఒక దర్జీ మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. అతని కొడుకు నల్గొండలో చదువుకుంటూ ఒక ఏడాది ఇంటికి రాలేదు. లోపలికి పోయాడని వీధిలో అందరికీ తెలుసు. లోపల అంటే అడవి. ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. దర్జీ మాట్లాడటం తగ్గించాడు. మిషన్ చప్పుడు మాత్రం పొద్దుగూకేదాకా వినిపించేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నల్గొండ నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. సాబు నమాజుకు పోయాడు. దుకాణంలో గంట మోగుతుంటే దర్జీ లేచి ఎత్తాడు. అలవాటు ప్రకారం "సాబును" అన్నాడు. పంటి కింద దారం పట్టుకుని మాట్లాడే గొంతు అది, నాకు మొదటి ముక్కకే తెలిసింది.

అవతలి మనిషి కూడా ఆ గొంతు గుర్తుపట్టినట్టున్నాడు, గబగబా చెప్పాడు. "పిల్లడు బయటికొచ్చిండు. జ్వరం బాగ ఉన్నది. దవాఖానల ఏసిన. ఇంక ఆడికి పోనంటాండు. జల్ది రా."

దర్జీ, "ఎవ్వరికి చెప్పకు. నేనే వచ్చి తీస్కపోత" అని పెట్టేశాడు.

వెనక గదిలో టేపు తిరుగుతోంది. నేను తీగ పీకి, చెయ్యి అట్లాగే బోర్డు మీద పెట్టుకుని కూర్చున్నాను. జవాను నా వైపు చూడకుండా బయటికి వెళ్లాడు. అతని పని అతను చేశాడు. నాకు అతని మీద కోపం వచ్చింది, ఆ కాగితం మీద వచ్చింది, ఆ అలవాటు మీద వచ్చింది. ఏ కోపానికీ పని లేదు.

పోలీసులు అదే సాయంత్రం వచ్చి సాబును తీసుకుపోయారు. వాళ్లు నల్గొండ దవాఖానకు పోయేసరికి అక్కడ మంచం ఖాళీగా ఉందట. దర్జీ ఏ లారీ ఎక్కి పోయాడో, పిల్లవాడిని ఎక్కడికి చేర్చాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. పిల్లవాడు దొరకలేదు గనుక వాళ్లకు మిగిలింది సాబు ఒక్కడే. పిల్లవాణ్ణి ఎక్కడ దాచావు అని ఆయన్ను అడిగారు.

సాబు ఒక్క మాటతో బయటపడగలడు. ఆ కాల్ వచ్చిన సమయానికి మసీదులో ఊరి సాయిబులందరి మధ్య మోకరిల్లి ఉన్నాడు. వరుసలో ఆయన పక్కన నిలబడ్డ వాళ్లు ఠాణాకు పోయి సాక్ష్యం చెప్తామని బయల్దేరారు కూడా. సాబు భార్య వాళ్లకు అడ్డం పడి వద్దని చెప్పింది. ఆమె ఆ రోజు ఠాణాకు అన్నం పట్టుకుపోయి, తిరిగొస్తూ ఎక్స్ఛేంజ్ గడపలో కూలబడింది.

"నమాజుకు పోలేదని చెప్పిండమ్మా" అంది. "ఫోన్ నాది, మాట్లాడింది నేనే అన్నడంట. దుకాణంల ఇంకెవరు లేరన్నడంట. నేను అడిగితె, నేను మసీదుల ఉన్న అంటె మరి దుకాణంల ఎవరున్నరని అడుగుతరు, ఆ పిల్లగాడు పోతడు అన్నడు."

అన్నం గిన్నె పక్కన పెట్టి మళ్లీ అంది. "పెండ్లయిన నాటి నుంచి ఆయన జుమ్మా నమాజు తప్పింది నేను చూడలే. జ్వరంల గూడ పోయెటోడు. దెబ్బలకు ఏడుస్తలేడు. ఈ అబద్ధానికి ఏడుస్తాండు."

నేను ఆమెకు నీళ్లిచ్చాను. ఓదార్చే మాట నాకు చేతకాదు. నాకు ఏడుపు వచ్చినా కోపంలాగే వస్తుంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు ఎక్స్ఛేంజ్‌కు వచ్చాడు. వెనక గదిలోకి పిలిచి టేపు వేశాడు. "సాబును" అనే ఆ గొంతు, దారం పంటి కింద పట్టుకున్న ఆ గొంతు, గది నిండా వినిపించింది.

"ఇది సాబేనా?"

"సార్, ఈ ఊళ్లె ఆ ఫోన్ ఎవరెత్తినా సాబు అనే అంటరు. ఎనకటి నుంచి అదే అలవాటు. మీ టేపులల్ల ఉన్నయన్ని ఆయన గొంతులు కావు. గొంతులు మారుస్తుండని రాసిండ్రు గద, అది తప్పు."

ఆయన కోప్పడలేదు. అదే నన్ను భయపెట్టింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, శ్రద్ధగా విన్నాడు.

"మంచిది. అయితే ఎవరెవరు ఎత్తుతరో ఒక్కొక్కరి పేరు చెప్పు. ఈ గొంతు ఎవరిదో మొదలు చెప్పు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సాబు కాదంటే దర్జీ ఇల్లు, దర్జీ వెనక ఆ పిల్లవాడు. పేర్లు మొదలుపెడితే బొంబాయిలో పెళ్లాం ఉన్నవాడు, గేదె చచ్చిన ముసలాయన, కోర్టుకు తిరుగుతున్నవాడు, అందరి గడపలూ తొక్కుతారు. చెప్పకపోతే ఠాణాలో సాబు. ఆయన మీద ఇంకా ఎన్ని దెబ్బలు పడతాయో నాకు తెలియదు. ఆ క్షణాన నా నోట్లో దర్జీ పేరు ఉంది. అది నిజం. దాన్ని మింగాను.

"నేను తీగలు కలుపుత సార్. గొంతులు గుర్తువట్ట."

"ఇన్నేండ్ల నుంచి ఇదే కుర్చీల కూర్చుంటున్నవ్."

"విన్న మాట విన్నట్టే మరిచిపోత అని రాసిచ్చి ఉద్యోగంల చేరిన. అదే చేస్తున్న."

ఆయన నా ఉద్యోగం గురించి ఒక మాట అన్నాడు, నా పిల్లల గురించి ఒక మాట అన్నాడు. తర్వాత టేపు తీసుకుని లేచిపోయాడు. ఇప్పటికీ ఎవరైనా నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే అదే జవాబు చెప్తాను. కానీ ఆ జవాబు ఖరీదు నేను కట్టలేదు. ఠాణాలో ఇంకొకరు కట్టారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

నాలుగు రోజులకు దర్జీ తిరిగొచ్చాడు, ఒంటరిగా. నేరుగా నా దగ్గరికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నేను పోయి నా గొంతే అని చెప్తనమ్మా. ఆయనను గట్ల చూడలేను" అన్నాడు. అప్పటికే సాబు భార్య అతని ఇంటికి కబురు పంపింది. దర్జీ ఠాణా వైపు ఒక్క అడుగు వేసినా తను నమాజు మీద ఆడిన అబద్ధం ఊరికే పోతుందని సాబు చెప్పమన్నాడట. ఆ కబురు విన్నాక దర్జీ మళ్లీ అరుగు ఎక్కలేదు. మిషన్ను ఎడ్లబండి మీద వేసుకుని అచ్చంపేట పోయాడని విన్నాను.

వానలు పడ్డాక సాబును వదిలేశారు. ఏమీ రుజువు కాలేదు. ఎడమ కాలు ఈడుస్తూ వచ్చి దుకాణం తెరిచాడు. వీధి వాళ్లు ఉప్పు, పప్పు కొనుక్కుని పోయేవాళ్లు, ఫోన్ వైపు మాత్రం చూసేవాళ్లు కాదు. ఠాణావాళ్లు మధ్యలో ఆయన నంబరుకు కాల్ చేసిన ప్రతి వాళ్లనూ వెతుక్కుంటూ పోయి అడిగారని అందరికీ తెలిసిపోయింది. వెనక గదిలో తీగలు ఇంకా తీయలేదు. ఆర్డరు గడువు ఇంకా ఉందన్నారు.

ఆయన భార్య నా దగ్గరికి వచ్చి చెప్పింది. "బిడ్డ చేస్తె ఆయన లేడని చెప్పమన్నడు. మాట్లాడితె దాని అత్తగారింటికి పోతరు. దాని కాపురం ఏం గావాలె."

రెండుసార్లు కేతేపల్లి నుంచి కాల్ వస్తే లేడని చెప్పాను. మూడోసారి ఆ పిల్ల నన్నే నిలదీసింది. "మా అబ్బ బతికున్నడా, లేడా? సచ్చిపోతె సచ్చిపోయిండని చెప్పున్రి."

"ఉన్నడు బిడ్డా" అన్నాను. అనకూడదు. వెనక గదిలో జవాను చెవులకు గొట్టాలు ఉన్నాయి. అని, దుకాణానికి గంట కొట్టాను. ఎవరో ఎత్తారు. సాబును అనే మాట వినిపించలేదు. ఊపిరి వినిపించింది. నడక కష్టమైన మనిషి ఊపిరి.

నేను రెండు తీగలూ కలిపాను. ఆ పిల్ల "అబ్బా" అంది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. ఆ తర్వాత ఆమెకు అర్థమైందనుకుంటాను. అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లింట్లో మాట్లాడుకునేది ఉర్దూ, ఆ మాత్రం నాకు అర్థమవుతుంది. చిన్నోడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడని చెప్పింది. పత్తి మొలిచిందని చెప్పింది. మామ మంచిగానే చూసుకుంటున్నాడు, ఎవరొచ్చినా భయం లేదని చెప్పింది. కళ్లద్దాలు బాగు చేయించుకోమని చెప్పింది.

మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి, అయిపోయిందని చెప్పి తెంపడం నా పని. మెత్తని మనుషుల కాల్స్ కూడా నేను నిర్దాక్షిణ్యంగా తెంపేదాన్ని. ఆ రోజు తెంపలేదు. వెనక నుంచి జవాను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, మళ్లీ లోపలికి వెళ్లాడు. ఆమె చెప్పుకుంటూ పోయింది. ఆయన వింటూ పోయాడు. సగం టేపు తిరిగింది, అందులో సాబు మాట ఒక్కటీ లేదు.